నవగ్రహములలో లేని గ్రహము
(సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము ముగిసినది. ఈ యేటి రాజెవరో, మంత్రి యెవరో, సేనాధిపతి యెవరో వింటిమి. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని లెక్క చూచుకొంటిమి. వ్యయము ఆదాయమును మించినదని శాస్త్రిగారు చెప్పినపుడు నెల జీతగాండ్రమైన మనలో ఎవరికిని ఆశ్చర్యము కలుగలేదు. అది గ్రహములు చెప్పకున్నను మనకు తెలిసిన సంగతియే.

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "గ్రహఫలములు శాస్త్రిగారు చెప్పుదురు, గ్రహములను గూర్చి మీరు చెప్పండి" అన్నారు. నేను చరిత్ర చదివి బి.ఏ. పట్టము పొందినవాడను. కాగితములు చదివి, వాటిపై నాలుగు మాటలు వ్రాసి, పైకి పంపుట నా వృత్తి. చిన్నతనమున వేసవి రాత్రులలో ఆరుబయట మంచముపై పండుకొని చుక్కలు లెక్కపెట్టితిని. తరువాత ఆ చుక్కలను గూర్చి దొరికిన పుస్తకమెల్ల చదివితిని. ఈ విషయమున నాకున్న అర్హత అంతియే. తప్పులున్నచో శాస్త్రము చదివిన మిత్రులు మన్నింపవలెను.

మొదట చిన్నారులకు ఒక ప్రశ్న. నవగ్రహముల పేర్లు చెప్పుడు. రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. తొమ్మిదియు వచ్చినవి. మరి ఇందులో భూమి యేది?

లేదు. ఉండుటకు వీలు లేదు కూడ. ఆకాశము చూచి లెక్కించినవారు భూమిపై నిలిచి లెక్కించిరి. పరమానందయ్యగారి శిష్యులు ఏరు దాటి, అందరును క్షేమముగా వచ్చితిమా యని ఒక్కొక్కడే లెక్కించి, ఎవడికి వాడు తన్ను విడిచి, ఒకడు తగ్గెనని ఏడ్చిన కథ మనకందరకు తెలియును. ఆ శిష్యులను చూచి నవ్వుదుము గాని, ఆకాశమును లెక్కించుటలో మనుష్యజాతి యంతయు చాలకాలము ఆ శిష్యుల వంటిదే. భూమియు ఒక గ్రహమని తెలియుట ఒక యెత్తు. ఎటువంటి గ్రహమో తెలియుట మరియొక యెత్తు. ఈ రెండవది తెలిసి ఇంకను డెబ్బది యేండ్లు నిండలేదు. దానిని మనకు తెలిపినవి మన ఇరుగుపొరుగు గ్రహములైన బుధ శుక్ర కుజులు. నేను చెప్పదలచినది ఈ కథయే.

సూర్యుని చుట్టును తిరుగు ఎనిమిది గ్రహములలో లోపలి నాలుగు, అనగా బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, రాతి గ్రహములు. వెలుపలి నాలుగును వాయువులతోను మంచుతోను నిండిన మహాకాయములు. అన్నియు సుమారు 450 కోట్ల సంవత్సరముల క్రిందట ఒక్క ధూళిమేఘము నుండియే పుట్టినవి. సూర్యునకు దగ్గరగా వేడిమి మిక్కుటమగుటచే మంచు నిలువలేదు. రాయియు లోహమును మాత్రము గట్టిపడినవి. కావుననే లోపలి నాలుగింటికి నడుమ ఇనుప గుండె, దాని చుట్టును దట్టమైన రాతిపొర, పైన పలుచని పెచ్చు ఉన్నవి. ఒకే పిండితో నాలుగు అట్లు పోసినట్లనుకొనుడు. ఒకటి పెనముపై మాడినది. ఒకటి మూత క్రింద మరీ ఉడికిపోయినది. ఒకటి చల్లారి ఎండిపోయినది. ఒక్కటి మాత్రము తినుటకు వీలుగా దిగినది. పిండి ఒక్కటే అయినపుడు ఫలితము ఇన్ని విధములుగా నుండుటకు కారణమేమి?

మొదట బుధుని సంగతి. సూర్యుని విడిచి ఎన్నడును దూరముగా పోడు గనుక, సంధ్యల వెలుగులో కొలది సేపు మాత్రమే కనబడును. వ్యాసము సుమారు 4,880 కిలోమీటర్లు, మన చంద్రుని కంటె కొంచెము పెద్ద. 88 దినములకొకసారి సూర్యుని చుట్టి వచ్చును. చంద్రుడు మనకు ఒకే ముఖము చూపునట్లు బుధుడు సూర్యునకు ఎల్లపుడు ఒకే ముఖము చూపునని పాఠ్యపుస్తకములలో చాలకాలము వ్రాసిరి. ఎవరును సందేహింపలేదు. 1965లో ప్యూర్టోరికో ద్వీపములోని అరెసీబో వద్ద పెటెంగిల్, డైస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు రాడారు తరంగములను బుధునిపైకి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని పరీక్షించిరి. బుధుడు సుమారు 59 దినములకొకసారి తన చుట్టు తాను తిరుగుచున్నాడని తేలినది. పుస్తకములను దిద్దవలసి వచ్చినది.

దీని ఫలితము వినోదకరమైనది. రెండు ప్రదక్షిణములు చేయు కాలములో బుధుడు మూడు మార్లు తన చుట్టు తాను తిరుగును. అందుచే అక్కడ ఒక సూర్యోదయము నుండి మరియొక సూర్యోదయమునకు మన లెక్కలో 176 దినములు పట్టును. ఉదయమునకును సాయంకాలమునకును నడుమనే ఒక సంవత్సరము నిండును. అక్కడ కచేరీ యున్నచో మనము ప్రతి సాయంకాలము ఒక వార్షిక ఇంక్రిమెంటు పుచ్చుకొని ఇంటికి పోవచ్చును. అయితే పగటి వేడిమి 430 డిగ్రీల వరకు పోవును. రాత్రి చలి సున్నకు దిగువ 180 డిగ్రీల వరకు దిగును. వేడిమిని పట్టి యుంచుటకు అక్కడ గాలి యనదగినది లేదు.

ఇటువంటి అగ్నిగుండములో మంచుగడ్డ యున్నదని చెప్పిన నమ్ముదురా? ధ్రువముల చెంత లోతైన బిలములలో కోట్ల యేండ్లుగా ఎండ పొడ సోకని చోటులు కలవు. అక్కడ నీటిమంచు ఉన్నది. అమెరికావారి మెసెంజరు అను రోదసీనౌక చేసిన పరీక్షలతో 2012లో ఇది రూఢియైనది. ఈ నౌక 2004లో బయలుదేరి 2011లో బుధుని కక్ష్య చేరినది. ఇంత ఆలస్యమేల యందురా? సూర్యుని వైపు పోవుట పల్లమునకు బండి దింపుట వంటిది. పోవుట కష్టము కాదు, ఆగుట కష్టము. వేగము తగ్గించుకొనుటకై ఆ నౌక ఒకసారి భూమి ప్రక్కగా, రెండు మార్లు శుక్రుని ప్రక్కగా, మూడు మార్లు బుధుని ప్రక్కగానే పోయి, వాటి ఆకర్షణను పగ్గముగా వాడుకొన్నది. నాలుగేండ్లు పని చేసి, ఇంధనము తీరి, 2015 ఏప్రిల్ 30న ఆ నేలపైననే పడి ముగిసినది. ఐరోపా, జపానులు కలిసి 2018లో పంపిన బేపికొలంబో నౌక 2026 నవంబరులో బుధుని కక్ష్యలో ప్రవేశించునట్లు ఏర్పాటు చేసిరి.

బుధునిపై ఉల్కాబిలములకు కవుల పేర్లు, చిత్రకారుల పేర్లు, గాయకుల పేర్లు పెట్టుట మర్యాద. అక్కడ వాల్మీకి కలడు, వ్యాసుడు కలడు, కాళిదాసు కలడు. సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు గల ఒక బిలమునకు త్యాగరాజని పేరు. తెలుగున పాడిన ఆ మహానుభావుని పేరు అంత దూరమున చెక్కబడి యున్నదని తెలిసిననాడు నేను ఆఫీసు కాగితములు ప్రక్కకు నెట్టి కొంతసేపు ఊరక కూర్చుంటిని. త్యాగరాజ బిలమునకు మరియొక విశేషము కలదు. మెసెంజరు తీసిన చిత్రములలో దాని అడుగున తెల్లగా మెరయు చిన్న చిన్న గుంటలు అనేకము కనబడినవి. ఏదో పదార్థము నేలలోనుండి ఆవిరియై పోగా ఏర్పడిన గుంటలని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అంత వేడిమిలో అట్టి పదార్థములు మిగిలియుండవని అంతకు ముందు తలచియుండిరి. అక్కడను పుస్తకము దిద్దవలసి వచ్చినది. మన కచేరీలలో "విషయము పరిష్కృతము" అని వ్రాసి కట్టివేసిన ఫైళ్ళను తలచుకొని నాకు కొంచెము భయము కలిగినది.

ఇక శుక్రుడు. పల్లెలో పుట్టినవారికి ఇతనిని పరిచయము చేయనక్కరలేదు. ఇతడే వేగుచుక్క. గడియారములు లేని దినములలో వేగుచుక్క పొడుపు చూచి మా తాతగారు ఎడ్లకు మేత వేయుటకు లేచెడివారు. శుక్ర మౌఢ్యమిలో పెండ్లిండ్లు చేయరని కూడ మనకు తెలియును. మౌఢ్యమి యనగా మరేమియు కాదు, శుక్రుడు సూర్యునకు చేరువగా పోయి ఆ వెలుగులో కనబడకుండు కాలము. సూర్యునకు ఇవతలగా కలిసినపుడు కొలది దినములే కనబడడు. అవతలగా కలిసినపుడు రెండు నెలల వరకు కనబడకపోవచ్చును. దూరదర్శిని లేకుండ ఈ లెక్కను పట్టిన పెద్దల కంటిచూపునకు నమస్కరింపవలెను.

దూరదర్శిని వచ్చిన తరువాతను మనవారు ఊరకుండలేదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు తమ సొంత ధనముతో వేధశాల నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రుడు నల్లని చుక్కవలె సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను అక్కడినుండి పరిశీలించి ఆ వివరములను ప్రకటించిరి. ఇట్టి సంక్రమణము 2004లోను 2012లోను మరల జరిగినది. మనలో కొందరము చూచితిమి. తరువాతిది 2117లో. ముందు వరుసలోని చిన్నారుల మనుమలు చూతురు.

శుక్రుని వ్యాసము 12,104 కిలోమీటర్లు, భూమిది 12,742. తూకములోను పెద్ద భేదము లేదు. కవల పిల్లలందురు. పైన ఎల్లపుడు దట్టమైన మేఘము కప్పియుండుటచే క్రింద నేమున్నదో ఎవరికిని కనబడలేదు. కనబడనిచోట ఊహ విజృంభించును. మేఘమున్నది గనుక వాన, వాన యున్నది గనుక చిత్తడి నేలలు, దట్టమైన పచ్చదనము అని 1918లో స్వాంటే అరీనియస్ వంటి గొప్ప శాస్త్రజ్ఞుడే వ్రాసెను.

1962 డిసెంబరులో మారినర్ 2 శుక్రుని ప్రక్కగా పోయి, అక్కడ వేడిమి మిక్కుటమని తెలిపినది. మరియొక గ్రహమును దర్శించి వార్త పంపిన మొదటి నౌక అదియే. తరువాత సోవియట్ శాస్త్రజ్ఞులు వెనీరా నౌకలను ఒకదాని వెనుక ఒకటిగా పంపిరి. కొన్ని దారిలోనే మూగవోయినవి. కొన్ని దిగుచు దిగుచు అక్కడి గాలి బరువునకు నలిగిపోయినవి. 1970 డిసెంబరు 15న వెనీరా 7 దిగునపుడు పారాషూటు చెడి, నౌక వేగముగా నేలను తాకి ఒరిగి పడినది. వార్త ఆగిపోయినదనుకొనిరి. తరువాత రికార్డు చేసిన టేపులను మరల శోధింపగా, మిక్కిలి సన్నని సంకేతము 23 నిమిషముల సేపు వచ్చియుండెనని తేలినది. మరియొక గ్రహపు నేలమీదినుండి మనకు వచ్చిన మొదటి జాబు ఇది. పారవేయదగినదని తలచిన కాగితమును మరల చదివినవారికి దక్కిన ఫలము. 1975లో వెనీరా 9 అక్కడి రాళ్ళ చిత్రము పంపినది. 1982లో వెనీరా 13 రంగుల చిత్రములు పంపి, 127 నిమిషములు బ్రతికినది. 1990 నుండి 1994 వరకు మెజెలాన్ నౌక రాడారుతో మేఘములను ఛేదించి, దాదాపు గ్రహమంతటి పటము వ్రాసినది.

ఇందరు కలిసి తెచ్చిన సమాచారమిది. నేలపై వేడిమి సుమారు 465 డిగ్రీలు. సీసము కరగును. గాలి బరువు మన దానికి 90 రెట్లకు పైగా. ఆ గాలిలో నూటికి 96 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. మేఘములలో నున్నది నీరు కాదు, గంధకామ్లము. చిత్తడి నేలలు లేవు, పచ్చదనము లేదు.

సూర్యునకు దగ్గర గనుక వేడి యనుకొందము. కాని ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆ తెల్లని మేఘములు తమపై పడిన ఎండలో చాల భాగమును వెనుకకు త్రోసివేయును. అందుచే శుక్రుడు నిజముగా పుచ్చుకొను ఎండ భూమి పుచ్చుకొను దానికంటె తక్కువ. తక్కువ ఎండతో అంత వేడిమి ఎట్లు? వచ్చిన వేడిమిని బొగ్గుపులుసు వాయువు పోనీయదు. మూత పెట్టిన గిన్నె వంటిది. పూర్వము అక్కడను నీరు ఉండెనని పలువురి అభిప్రాయము. ఆ నీరు ఆవిరియైనది. ఆవిరియు ఒక మూతయే గనుక వేడిమి మరింత పెరిగినది. పైకి పోయిన ఆవిరిని సూర్యుని అతినీలలోహిత కిరణములు విడగొట్టినవి. ఉదజని అంతరిక్షమునకు పారిపోయినది. నీరు పోయినది, మూత మాత్రము మిగిలినది.

జపాను వారి అకత్సుకి నౌక కథ చెప్పక ముందుకు పోలేను. 2010లో శుక్రుని చేరిన దినముననే దాని పెద్ద యంత్రము చెడి, కక్ష్య తప్పి, సూర్యుని చుట్టును తిరుగనారంభించినది. దానిని పంపినవారు ఆశ వదలలేదు. ఐదేండ్లు కాచుకొని, 2015 డిసెంబరులో చిన్న యంత్రములతోనే దానిని కక్ష్యలో ప్రవేశపెట్టిరి. 2024 వరకు అది వార్తలు పంపినది. మన దేశమును శుక్రుని వైపు చూచుచున్నది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము 1,236 కోట్ల రూపాయల వ్యయముతో శుక్రునకు ఒక నౌకను పంపుటకు అనుమతి ఇచ్చినది.

ఇక కుజుడు. ఇతనిని గూర్చి చెప్పుటకు ముందు నా సొంత సంగతి ఒకటి చెప్పవలసి యున్నది. కొంచెము సంకోచముగానే చెప్పుచున్నాను.

2014లో దసరాకు సెలవు పెట్టి మా అక్కగారి ఊరికి పోయితిని. సెప్టెంబరు 24 ఉదయము ఇంటిల్లిపాదియు టెలివిజను ముందు కూర్చుంటిమి. మన దేశపు మంగళయానము ఆనాడు కుజుని కక్ష్యలో ప్రవేశింపవలెను. అంతకు ముందటి యేడు నవంబరు 5న మన ఆంధ్రతీరపు శ్రీహరికోట నుండి బయలుదేరినది. ఆ దినము మంగళవారము. మంగళవారమునాడు మన యిండ్లలో క్రొత్త పని మొదలుపెట్టము గదా! సుమారు 300 దినములు నిద్రించిన యంత్రము సరియైన క్షణమున మేలుకొని 24 నిమిషములు మండవలెను. నౌక కుజుని చాటునకు పోవును. చాటు దాటి పంపిన వార్తయైనను మనకు చేరుటకు 12 నిమిషములు పట్టును. ఆ నిమిషములు మా యింట ఎవరును మాటాడలేదు. వార్త వచ్చినది. బెంగుళూరులో శాస్త్రజ్ఞులు లేచి చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి. అందరికంటె గట్టిగా కొట్టినది నా మేనకోడలు. మొదటి ప్రయత్నముననే కుజుని చేరిన దేశము అంతవరకు మరియొకటి లేదు.

నవరాత్రులు మొదలైనవి. నాలుగైదు దినములకు మధ్యవర్తి వచ్చి, అమ్మాయి జాతకమున సప్తమములో కుజుడున్నాడు గనుక సంబంధము వద్దనుకొన్నారని చెప్పెను. అంతకు ముందు అన్నియు కుదిరియుండెను. మా బావగారు తల వంచుకొనిరి. అక్క నా వైపు చూచి, "ఏరా, నువ్వేమంటావు?" అన్నది. నేను ఢిల్లీలో ఉద్యోగము చేయువాడను, పుస్తకములు చదివినవాడను. ఆ మాట నేననవలసినదే. కాని, "పెద్దలు చూచుకొందురు" అంటిని. మన కచేరీ భాషలో చెప్పవలెనన్న, "పైవారి ఉత్తర్వులకు సమర్పించడమైనది" అంటిని.

ఆ రాత్రి మేడపై అమ్మాయి నా ప్రక్కకు వచ్చి, "మొన్న పొద్దున మనమంతా చప్పట్లు కొట్టింది ఆ గ్రహానికేగా, మామయ్యా?" అని అడిగినది. నేను జవాబు చెప్పలేదు. తరువాత ఆ పిల్ల తన చదువుతో, తన ఉద్యోగముతో తన దారి తాను చూచుకొన్నది. ఆ కథ ఆమెది, నేను చెప్పదగినది కాదు. ఆ రాత్రి మౌనము మాత్రము నాది.

ఇప్పుడు ఆ గ్రహము ఎటువంటిదో చెప్పెదను. వ్యాసము సుమారు 6,780 కిలోమీటర్లు. దాని సంవత్సరము 687 దినములు. పగలు రాత్రి కలిసి మన లెక్కలో 24 గంటలకు సుమారు 40 నిమిషములు ఎక్కువ. ఎఱ్ఱగా నుండుటకు కారణము కోపము కాదు, తుప్పు. అక్కడి మన్నులోను ధూళిలోను ఇనుము తుప్పు పట్టి యున్నది. పెరటిలో వానకు తడిసిన పాత ఇనుప పెట్టె రంగే కుజుని రంగు.

1877లో ఇటలీ దేశీయుడు స్కియపరెల్లి కుజునిపై గీతలు చూచితిననెను. అవి బుద్ధిజీవులు త్రవ్విన కాలువలని అమెరికాలో పెర్సివల్ లోవెల్ పుస్తకములే వ్రాసెను. 1965 జూలైలో మారినర్ 4 ప్రక్కగా పోయి ఇరువది పైచిలుకు చిత్రములు పంపినది. కాలువలు లేవు, చంద్రునిపై వలె బిలములున్నవి. అంతట కుజుడు మృతగ్రహమని నిశ్చయించిరి. ఆ నిశ్చయమును తొందరపాటే. 1971 నవంబరులో మారినర్ 9 కక్ష్య చేరుసరికి గ్రహమంతయు ధూళితుపానులో మునిగి యుండెను. నౌక ఓపికగా తిరుగుచు కాచుకొన్నది. ధూళి అణగగా 22 కిలోమీటర్ల యెత్తుగల ఒలింపస్ అగ్నిపర్వతము, కన్యాకుమారికిని కాశ్మీరమునకును నడుమనున్న దూరముకంటె పొడవైన మహాలోయ, ఎండిపోయిన నదుల జాడలు కనబడినవి.

ఆ నదుల జాడలను వెదకుచు ఎన్నో నౌకలు పోయినవి, ఎన్నో నశించినవి. 1971లో సోవియట్ మార్స్ 3 మెత్తగా దిగి, కొలది క్షణములకే మూగవోయినది. 1976లో వైకింగు నౌకలు రెండును దిగి యేండ్ల తరబడి పని చేసినవి. 1999లో అమెరికా నౌక యొకటి కేవలము లెక్క పొరపాటుచే నశించినది. ఒక పక్షము వారు పౌనులలో లెక్కించి పంపిన అంకెలను రెండవ పక్షము వారు మెట్రిక్ కొలతలనుకొని వాడిరి. ఒకరు శేర్లు చెప్పగా ఒకరు కిలోలని వినినట్లు. నౌక ఉండవలసిన దానికంటె క్రిందుగా పోయి గాలిలో చిక్కినది. మనము వ్రాయు అంకెల ప్రక్కన కొలత పేరు వ్రాయుట ఎంత అవసరమో దీనివలన తెలియును. 2004లో దిగిన ఆపర్చునిటీ అను బండి 90 దినములు నడచిన చాలుననుకొనగా 2018 వరకు నడచినది. 2012లో దిగిన క్యూరియాసిటీ ఒక పురాతన సరస్సు అడుగున పేరుకొన్న బురద గట్టిపడిన రాళ్ళను చూపినది. 2021లో పర్సీవియరెన్సు దిగినది. దానితో పోయిన చిన్న హెలికాప్టరు ఆ పలుచని గాలిలో 2024 వరకు 72 మార్లు ఎగిరినది. మన మంగళయానము ఆరు నెలలకని పోయి, 2022 వరకు నిలిచినది. దానికైన ఖర్చు సుమారు 450 కోట్ల రూపాయలు.

కుజునిపై ఒకప్పుడు నదులు పారెను, సరస్సులు నిండెను. ఇపుడు గాలి బరువు మన దానిలో నూటికి ఒక పాలు కూడ లేదు. ఎందుచేత? చిన్న గ్రహము గనుక లోపలి వేడిమి త్వరగా చల్లారినది. చిన్న గిన్నెలోని అన్నము త్వరగా చల్లారును గదా. గుండెలోని లోహపు కదలిక సన్నగిల్లి, అయస్కాంత కవచము పోయినది. సూర్యునినుండి వీచు కణముల గాలి అక్కడి వాయువును కొంచెము కొంచెముగా ఊడ్చుకొనిపోయినది. మంగళయానమునకు రెండు దినములు ముందుగా కుజుని చేరిన మేవెన్ నౌక, ఆ వాయువు ఇప్పటికిని జారిపోవుచుండుటను కొలిచినది.

కుజుని కథ ఇది. చల్లారిపోయి, గాలి పోగొట్టుకొని, నీరు పోగొట్టుకొని, తుప్పు పట్టిన ఒక చిన్న లోకము. ఒకరి పెండ్లి చెడగొట్టుటకు అక్కడ ఎవరును లేరు. మనము జాలిపడదగిన గ్రహమే గాని, మన పిల్లలపై నేరము మోపుటకు తెచ్చుకొనదగిన సాక్షి కాదు. శాస్త్రిగారిని నొప్పించుట నా ఉద్దేశము కాదు. కంటితో చూచి తిథులు, మౌఢ్యములు గణించిన విద్య వేరు, దాని పేర ఆడపిల్లను నిందించుట వేరు. మొదటిదానికి నమస్కరింతును. రెండవదానియెదుట ఇంకెన్నడును మౌనముగా నుండను.

ఇపుడు పరమానందయ్యగారి శిష్యుల వద్దకు తిరిగి వత్తము. ముగ్గురిని లెక్కించితిమి. నాలుగవది మిగిలినది.

ఈ సభామందిరములో లేకున్నను, ఊళ్ళలో మన పాత యిండ్లలో క్రింద పరచినది నాపరాయి. కడప, కర్నూలు, పలనాడు, తాండూరు ప్రాంతముల నుండి వచ్చిన ఆ బండ సున్నపురాయి జాతికి చెందినది. కోట్లాది సంవత్సరముల క్రిందటి సముద్రపు అడుగున అది పేరుకొన్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు వానలో కరగి, రాళ్ళను కొరికి, నదులలో సముద్రమును చేరి, అక్కడ సున్నముతో కలిసి రాయియైనది. భూమిపై ఇట్లు రాళ్ళలో బంధింపబడిన బొగ్గుపులుసు వాయువునంతను విడిచిపెట్టినచో, అది శుక్రుని ఆకాశములో నున్నదానితో ఇంచుమించు సరితూగునని శాస్త్రజ్ఞులందురు. శుక్రునకు తలపై నున్నది మనకు కాళ్ళ క్రింద నున్నది. తేడా అంతయు ఇక్కడనే. దానిని క్రిందికి దించినది నీరు. ఆ నీటిని నిలిపినది తగినంత దూరము. గాలిని పట్టి యుంచినది తగినంత బరువు. గాలికి కాపలా కాయునది ఇంకను చల్లారని ఇనుప గుండె.

సున్నపు బట్టీ చూచినవారికి తెలియును. రాయిని కాల్చినచో ఆ వాయువు మరల గాలిలో కలియును. బొగ్గును, నూనెను కాల్చినను అదియే జరుగును. యంత్రయుగమునకు ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు ఇపుడు 420 పాళ్ళు దాటినది. దీనిచే భూమి రేపే శుక్రుడగునని నేననను. శాస్త్రజ్ఞులును అనరు. కాని ఆ మూత యేమి చేయగలదో కవల గ్రహము కంటియెదుట చూపుచుండగా, మన వేసవులు, మన వానలు, మన తీరములు ఆ మూత బరువు ఎరుగవని ఎట్లనుకొందుము? కొంచెము మార్పునకే రైతు బ్రతుకు తలక్రిందులగును. గ్రహము చెడుటకు దోషము ఆకాశమునుండి రానక్కరలేదు.

ఆ శిష్యులకు ఒక బాటసారి లెక్క సరిచేసి, "నిన్ను నీవు మరచితివి" అని చెప్పెనట. మనకు ఆ బాటసారులు ముగ్గురు. మాడిన బుధుడు, ఉడికిన శుక్రుడు, ఎండిన కుజుడు. వారి వద్దకు పోయి నలిగినవి, పగిలినవి, మూగవోయినవి ఎన్నో నౌకలు. ఒక్కొక్క పొరపాటును ఒప్పుకొని, పుస్తకము దిద్దుకొని, మరల పంపిన మనుష్యుల ఓపికకు ఫలముగా మన యిల్లు ఎటువంటిదో మనకు తెలిసినది. చిన్నారులారా, వేగుచుక్క కనబడు దినములలో ఒకనాడు తెల్లవారుజామున లేచి చూడుడు. చూచిన తరువాత ఒక్కసారి కాళ్ళ క్రింది నేలను కూడ చూడుడు. అపుడు లెక్క సరిపోవును.

చివరకు ఒక్కమాట. కార్యదర్శిగారు ఈ పాఠమును సంచికలో అచ్చు వేయుదుమన్నారు. ఒక ప్రతి మా మేనకోడలికి పంపెదను. మేడపై ఆమె అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. కచేరీలో జవాబు ఆలస్యమైనచో కారణము వ్రాయవలెను. నా వద్ద చెప్పుకొనదగిన కారణము లేదు.